పదికి పది పరుపు

ఆదివారం

వచ్చేశాం! విమానం దిగాం! లారీ డ్రైవరుగా బతికినవాణ్ణి, ఐదో తరగతితో పలక అటక మీద పెట్టేసినవాణ్ణి, సముద్రం దాటి వచ్చి తెల్లటి గదిలో తెల్లటి మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సంతోషంతో అక్షరాలు గతుకుల రోడ్డు మీద బండిలా ఎగురుతున్నాయి. ఎగరనీ, ఎవరు చూడొచ్చారు!

మా అమ్మాయి ఒక మార్కుల కాగితం ఇచ్చింది. మంచానికి పదికి ఎన్ని మార్కులో అందులో రాయాలి, అంతే. మనసులో మాట రాసుకునే జాగా దాన్లో లేదు. అందుకే ఈ డైరీ.

మా అమ్మాయి కంపెనీ వాళ్ళు వయసు మళ్ళినవాళ్ళను విదేశాలు తిప్పుతారు. తిప్పేముందు ఏ హోటలు మంచాలు ముసలి నడుములకు పనికొస్తాయో చూసి రమ్మని ఈసారి అమ్మాయిని పంపారు. అన్ని హోటళ్ళూ చూసి సరిగ్గా రిపోర్టు ఇస్తే, ఆ విభాగమంతా తన చేతికే ఇస్తారట. పడుకుని చూసి చెప్పడానికి ఒక పెద్దవయసు మనిషిని వెంట తీసుకెళ్ళమన్నారు. ఎవరిని తీసుకెళ్తావంటే “మా నాన్నని” అందట. ఇంకెవర్నీ అడగలేదట, ఆలోచించనే లేదట. ఈ మాట నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో! విమానంలో నా పక్క సీటాయనకు కూడా చెప్పాను. ఆయనకు మన భాష రాదు. అయినా తలూపాడు.

పడుకోవడమే ఉద్యోగం! ఇంతకంటే ఏం కావాలి మనిషికి? నేను నిద్రపోయిందంతా లారీ క్యాబిన్లో, ఇంజను పక్కన బల్ల మీద. ఒకవైపు కాలుతుంది, ఒకవైపు చలేస్తుంది.

ఈ హోటలు పరుపు మరీ మెత్తన. మునిగిపోయాను. చెరువులోంచి గేదె లేచినట్టు లేచాను. ఆరు మార్కులు.

ఎడమ కాలి వేళ్ళు కాస్త తిమ్మిరిగా ఉన్నాయి. అంతసేపు విమానంలో ముడుచుకుని కూర్చుంటే రాయికైనా తిమ్మిరెక్కుతుంది.

సోమవారం

అమ్మాయి పనిచేస్తుంటే చూడటం ఒక వేడుక. గదిలోకి రాగానే సూట్‌కేసు తెరుస్తుంది. తాపీమేస్త్రీల దగ్గరుండే రసమట్టం ఒకటి, టేపు ఒకటి, నిమ్మకాయంత ఇనపగుండు ఒకటి. రసమట్టంతో మంచం వాలు చూస్తుంది. గుండు పరుపు మీద పెట్టి ఎంత లోతు దిగిందో టేపుతో కొలుస్తుంది. ఆ తరవాత నా వంతు.

“నాన్నా, ఎక్కు.”

“చెప్పులు విప్పి ఎక్కనా, విప్పకుండానా?”

“ఎలాగైనా ఎక్కు. లారీ అనుకుని హారన్ మాత్రం కొట్టకు.”

వెల్లకిలా ఒకసారి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. కళ్ళు మూసుకోవాలి. అప్పటికి ఒక మార్కు వేస్తాను, రాత్రి పడుకుని లేచాక కావాలంటే మార్చుకోవచ్చు.

ఇవాళ ఇంకో హోటలుకు మారాం. ఎడమవైపు తిరిగానో లేదో, తుంటి కింద ఏదో తగిలింది.

“ఇక్కడేదో ఉందమ్మా. శనగగింజంత.”

“గుండుకేమీ తగల్లేదే.”

“గుండుకేం తెలుసు! తొడుగు విప్పి చూడు.”

విప్పింది. లోపల కుట్టు దగ్గర ఒక గుండీ తిరగబడి ఉంది! అమ్మాయి చప్పట్లు కొట్టి మంచం చుట్టూ తిరిగింది. “నువ్వుండగా నాకీ గుండెందుకు నాన్నా!” అని దాన్ని సూట్‌కేసులో పడేసింది. నా గుండె ఎంత పొంగిందో ఎలా రాయను? నాలుగు మార్కులు.

సాయంత్రం క్లీనరు ఫోను చేశాడు. పళ్ళూడిపోయి, బండి దిగి ఎన్నేళ్ళయినా వాడు నాకు క్లీనరే. వాడికి నేను అన్ననే.

“అన్నా, చెప్పావా అమ్మాయికి?”

“ఏం చెప్పాలిరా?”

“నరాల డాక్టరు చెప్పిన మాట.”

“ఇక్కడి పరుపులు ఎలా ఉన్నాయో అడగవేంరా?”

“నాకెందుకన్నా పరుపులు! టైరు కొట్టి చూసుకున్నావా?”

ఇది మా ఇద్దరి మాట. బండి ఎక్కడ ఆగినా వాడు రాడ్డు పట్టుకుని దిగి, టైర్లన్నీ వరసగా కొట్టుకుంటూ వెళ్ళేవాడు. గాలి నిండుగా ఉంటే టైరు ఖంగుమంటుంది. దిగిపోతే మొద్దుగా చప్పుడొస్తుంది. మొద్దు చప్పుడొచ్చిందా, నేనెన్ని కేకలేసినా బండి కదలనిచ్చేవాడు కాదు.

డాక్టరు గదిలో నా పక్కనున్నది వాడొక్కడే. నడుములో నరం నలిగిపోతోంది, ఆపరేషను చేయించుకోమన్నాడు డాక్టరు. ముందు అమ్మాయితో వెళ్ళొస్తానన్నాను. “మొద్దుబారడం పాదంలో ఉన్నంతవరకు వెళ్ళొద్దని చెప్పను. మోకాలు దాటి పైకొస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి. ఆలస్యమైతే ఆ కాలు ఇక మీది కాదు” అన్నాడు.

పాదంలోనే ఉంది కదా! పాదమెక్కడ, మోకాలెక్కడ! మధ్యలో బోలెడు రోడ్డుంది.

మంగళవారం

ఎడమ చెప్పు ఎక్కడో జారిపోయింది. హోటలు వరండా అంతా నడిచి లిఫ్టు దగ్గరకొచ్చాక, గదులు ఊడ్చే ఆవిడ వెనకాలే చెప్పు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. నవ్వింది. నేనూ నవ్వాను. ఇక్కడి మనుషులు ఎంత మంచివాళ్ళు!

కొత్త చెప్పులు, వదులు. అంతే.

బుధవారం

రైలెక్కి ఇంకో దేశం వచ్చాం. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియనే లేదు. గేటు లేదు, లారీల వరస లేదు, చేతులు తడపడం లేదు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఇది ఆ దేశమా, ఈ దేశమా అని అడుగుతూనే ఉన్నాను. “దాటి చాలాసేపయింది నాన్నా” అంది అమ్మాయి.

రైలు దిగేటప్పుడు మెట్టు తప్పింది. ఎడమ కాలు మెట్టు మీద పెట్టాననే అనుకున్నాను. మెట్టు అక్కడ లేదు. అమ్మాయి రెక్క పట్టుకుని ఆపింది.

“ఏమైంది నాన్నా?”

“మీ దేశాల్లో మెట్లు పొట్టి.”

“మా దేశాలట! ఎప్పట్నుంచి?” అని నవ్వింది. చెయ్యి మాత్రం స్టేషను దాటేదాకా వదల్లేదు. చిన్నప్పుడు సంతలో నేను దాన్ని అలాగే పట్టుకునేవాణ్ణి.

ఈ హోటలు పరుపు... ఆహా! వెన్నముద్ద. ముఖ్యంగా ఎడమవైపు. కుడివైపు తిరిగితే ఎక్కడో చిన్న గతుకు తెలుస్తోంది కానీ, ఎడమవైపు తిరిగితే నున్నగా వేసిన కొత్త రోడ్డు. తొమ్మిది వేశాను.

స్నానానికి ముందు గిల్లి చూసుకున్నాను. ఎక్కడిదాకా గిల్లితే తెలియడం లేదో అక్కడ పెన్నుతో గీత గీశాను. పిక్క మధ్యలో. ఊరికే, ఒక అంచనాకు. కిలోమీటరు రీడింగు రాసుకున్నట్టు.

గురువారం

పదికి పది! పదికి పది! పదికి పది!

ఇలాంటి పరుపు మీద పడుకోవడానికి పుట్టానా నేను? ఒళ్ళు గాల్లో తేలినట్టుంది. నడుం కింద సగం అసలు మంచానికి ఆనినట్టే లేదు. మహారాజులకైనా దొరికి ఉంటుందా ఈ సుఖం!

ఇంటికి ఫోను చేసి మా ఆవిడకు చెప్పకుండా ఉండలేకపోయాను.

“పదికి పది వేశానే!”

“బాగుంది సంబడం. ఇంట్లో నేను దగ్గరుండి కుట్టించిన పరుపు మీద ఇన్నేళ్ళు పడుకున్నారు. ఏనాడైనా ఒక్క మార్కు వేశారా?”

“దానికి మార్కులెందుకే? దాన్లో దూదికంటే నీ సణుగుడు ఎక్కువ.”

“వేస్తే నాలుగు వేస్తారు, నాకు తెలుసు. అది సరే గానీ, నడుంనొప్పి ఎలా ఉంది? మాత్రలు వేసుకుంటున్నారా?”

“నొప్పే లేదు! నిన్నటినుంచి నొప్పన్నదే లేదు!”

అబద్ధం కాదు. నిజంగానే లేదు. పరుపుల మహిమ కాకపోతే ఏమిటిది? ఆ నరాల డాక్టరును పిలిచి ఈ మంచం మీద పడుకోబెట్టాలి.

ఆవిడ మాత్రం “ఉన్నట్టుండి ఎలా పోయింది?” అంది. దీనికి సంతోషించడం రాదు.

ఇవాళ గీత మోకాలి కింద.

శుక్రవారం

స్నానాలగదిలో తొట్టి ఉంది. వేడినీళ్ళు నింపుకుని కూర్చుంటే బాగుంటుందని అమ్మాయి చెప్పింది. నింపి, ఎడమ కాలు ముందు పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. వేడి పంపు ఇంకా తిప్పాను. అయినా లేదు. కుడికాలు పెట్టానో లేదో, అమ్మో! కేకేసి బయటికి గెంతాను.

ఎడమ పాదం ఎర్రగా ఉడికినట్టయింది. మధ్యాహ్నానికి బొబ్బ లేచింది, ద్రాక్షపండంత. నొప్పేమీ లేదు, అదే అదృష్టం. మేజోడు తొడుక్కున్నాను. ఇక్కడి చలికి మేజోళ్ళు అందరూ తొడుక్కుంటారు.

క్లీనరు ఫోను చేశాడు. తీయలేదు. మళ్ళీ చేశాడు. తీశాను.

“అన్నా, కొట్టి చూశావా?”

“చూశాన్రా.”

“మోగిందా?”

“పరుపు మెత్తగా ఉంది కదరా, చప్పుడు సరిగా వినపడలేదు.”

“అన్నా, నేనింకా నీ క్లీనర్నే. మొద్దు చప్పుడొస్తే బండి కదలనివ్వను. అమ్మాయికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“ఇంకా కొన్ని హోటళ్ళేరా! అవి అయ్యేదాకా నోరు మూసుకో. దాని జీవితంరా ఇది! మధ్యలో నన్నెత్తుకుని ఇంటికొస్తే ఆ కంపెనీ వాళ్ళు ఇంకోసారి పంపుతారా?” అని అరిచాను. గోడ అవతల అమ్మాయి గది. గొంతు తగ్గించాను. “అమ్మాయికి ఫోను చేశావో, నీకూ నాకూ చెల్లు.”

అటునుంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. వాడికెప్పుడూ జలుబే.

శనివారం

నిన్న రాత్రి కొత్త ఊరు, కొత్త హోటలు చేరాం. మార్కుల కాగితం చూసి అమ్మాయి నా మంచం అంచున కూర్చుంది.

“నాన్నా, దీనికి పదా?”

“పదే. పదకొండు వేయడానికి కాగితంలో జాగా లేదు గనక.”

“గుండు పెడితే దిగనే లేదు. నా గదిలోనూ ఇదే పరుపు. రాత్రంతా దొర్లాను. పొద్దున లేస్తే నడుం పట్టేసింది. ఇది పరుపు కాదు నాన్నా, బల్ల.”

“నేను బల్ల మీద పెరిగినవాణ్ణి.”

“సోమవారం శనగగింజంత గుండీ తెలిసింది నీకు. ఇప్పుడు బల్ల కూడా తెలియడం లేదా?”

“నీకు పరుపుల సంగతి ఏం తెలుసు?”

“నా పనే అది నాన్నా!” అని నవ్వబోయి ఆగిపోయింది. “చూడు, నువ్వు పదంటే నేను పదే రాస్తాను. అది చూసి మా కంపెనీ ఈ హోటలుకే మనుషుల్ని పంపుతుంది. రేపు ఈ మంచం మీద ఎవరి అమ్మో పడుకుంటుంది. ఆవిడ పొద్దున్నే లేవలేకపోతే నేనేం చెప్పాలి?”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలుసు. రాయను.

“నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ గుండునే నాన్నా అని పిలుచుకో!” అన్నాను.

అనకూడని మాట. అమ్మాయి ముఖం చిన్నబోయింది. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ముఖం కాదు, కింద మేజోడు చూసింది. దానికి తడి అంటి ఉంది. బొబ్బ పగిలినట్టుంది.

“నీళ్ళు తొక్కాను” అన్నాను.

ఆదివారం

అమ్మాయి మామూలుగానే మాట్లాడుతోంది. నిన్న ఏమీ జరగనట్టే ఉంది. నా బంగారం! కాఫీ తెచ్చిచ్చింది, రొట్టెకు వెన్న రాసిచ్చింది. వీధిలో మాత్రం నన్ను ముందు నడవమని తను వెనక నడిచింది. దుకాణాల అద్దాల్లో చూశాను. నా కాళ్ళనే చూస్తోంది.

బండి నడిపేవాడికి వెనక బండివాడు ఎందుకు దగ్గరగా వస్తున్నాడో తెలుస్తుంది. హుషారుగా నడిచాను. ఈల కూడా వేశాను.

ఇవాళ గీత గీయలేదు. పెన్ను సరిగా రాయడం లేదు.

ఇది రాస్తున్నదీ ఆ పెన్నుతోనే.

సోమవారం

పక్క తడిసింది. గ్లాసు నీళ్ళు ఒలికాయి.

ఒలికించింది నేనే. తడిశాక ఒలికించాను.

గదులు ఊడ్చే ఆవిడకు గ్లాసు చూపించాను. ఆవిడ దుప్పటి తీసి, ఒకసారి నావంక చూసి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. ఇంత దూరం వచ్చి, భాష తెలియని మనిషి చేత భుజం తట్టించుకున్నాను.

సాయంత్రం అమ్మాయితో కూర్చుని ఊరు చూశాను. ఏరు మీద వంతెన, వంతెన మీద దీపాలు. “నాన్నా, నీకు ఆనందంగా ఉందా?” అంది. ఆనందమా! ఇంత ఆనందం ఒక మనిషికి సరిపడేది కాదు, పదిమందికి పంచొచ్చు అన్నాను. అది నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఇంకో రెండు హోటళ్ళు, అంతే నాన్నా, అని అదే అంది. సరే అన్నాను.

మంచం దగ్గరకు వచ్చేసరికి పక్క సర్ది ఉంది. అమ్మాయే సర్దింది. “ఇవాళ నేనే వేశాను నాన్నా, హాయిగా పడుకో” అంది. ఎడమవైపు తిరిగి పడుకోమంది. గుండెకు మంచిదట. అలాగే పడుకుంటాను. పడుకోబోతున్నాను. ఎంత మెత్తన! పది.

మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. కుదురుగా రాస్తాను.

తెల్లవారగానే అమ్మాయి కాఫీ తీసుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిద్రపోయినట్టు లేదు. కిటికీ తెర పక్కకు లాగి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఎలా ఉంది నాన్నా పరుపు?”

“పదికి పది!”

“ఎక్కడా ఏమీ తగల్లేదా?”

“తగలడమా! ఒకవైపే పడుకున్నానమ్మా, కదిలితే ఒట్టు. ఇన్ని హోటళ్ళలో ఇదే మొదటి నంబరు.”

“సరిగ్గా ఆలోచించి చెప్పు నాన్నా. నీకు దణ్ణం పెడతాను. ఏదైనా, కొంచెమైనా, గుచ్చుకున్నట్టు, ఒత్తుకున్నట్టు...”

“లేదంటే వినవే!”

అది కాఫీ బల్ల మీద పెట్టింది.

“ఒకసారి లే నాన్నా.”

లేవబోయాను. కుడికాలు లేచింది. ఎడమకాలు రాలేదు. మంచం తలవైపు చట్రం పట్టుకుని పక్కకు దొర్లాను. అమ్మాయి పరుపు మీద పరిచిన దుప్పటి ఎత్తింది.

దుప్పటి కింద, నా తొడ ఆనినచోట, ఇనపగుండు ఉంది.

రాత్రంతా దాని మీద పడుకున్నాను. నా తొడ మీద నిమ్మకాయంత గుంట పడి ఉంది, చుట్టూ నీలంగా కమిలి ఉంది. అమ్మాయి ఆ గుంటలో వేలు పెట్టింది. పెట్టడం చూశాను కాబట్టి తెలిసింది.

“తిడతావనుకున్నాను నాన్నా” అంది. “పడుకోగానే కేకేస్తావని, ఏ గాడిద పెట్టిందీ రాయి అని నా గది తలుపు బాదుతావని గోడ పక్కనే కూర్చున్నాను. తిట్టించుకుందామని పెట్టాను. నువ్వు తిట్టలేదు.”

నేను లుంగీ కిందికి లాక్కోబోయాను. అది నా లుంగీ మోకాలి పైదాకా జరిపింది. గీతలు కనిపించాయి.

“ఇవేంటి?”

“మైలురాళ్ళు” అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

అది ఒక్కొక్క గీతా వేలితో తడుముకుంటూ వచ్చింది. పిక్క మీద ఒకటి. మోకాలి కింద ఒకటి. పైన ఏమీ లేదు. ఏమీ లేనిచోట వేలు ఆపింది.

“దీని తరవాత ఎందుకు లేవు?”

అప్పుడు చెప్పాను. నరాల డాక్టరు, మోకాలు, క్లీనరు, వేడినీళ్ళు, తడిసిన పక్క, అన్నీ. మధ్యలో ఎక్కడా ఆపలేదు. బ్రేకు పోయిన బండిలా చెప్పుకుంటూ పోయాను.

“ఎవరికోసం దాచావు నాన్నా? నాకోసమా?”

“నీ రిపోర్టు...”

“రిపోర్టు తగలెయ్!” అని అరిచింది. పుట్టాక నామీద అరిచింది ఇదే మొదలు. అరిచి, అక్కడే నేల మీద కూలబడి, ఆ గుండు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. దిగి దాని పక్కన కూర్చోవాలనుకున్నాను. కాలు రాలేదు. మంచం మీదినుంచి చెయ్యి జాపి తల నిమిరాను. అందినంతవరకు.

బుధవారం

ఆసుపత్రి.

ఇక్కడి డాక్టరు ఆడమనిషి. చిన్న సుత్తి పట్టుకుని వచ్చి మోకాలి కింద కొట్టింది, మడమ దగ్గర కొట్టింది. కుడికాలు ఎగిరింది. ఎడమది ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ కొట్టింది. ఏ దేశమైనా ఇంతే, కొట్టే చూస్తారు.

ఆవిడ అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది. నాకు భాష రాదు. ముఖాలు చదవడం వచ్చు. ఎదురుగా వచ్చే బండి డ్రైవరు ముఖం చూసి వాడు పక్కకు తప్పుకుంటాడో లేదో చెప్పగలను. డాక్టరమ్మ ముఖం తప్పుకునే ముఖం కాదు.

“ఆపరేషను ఇవాళే” అంది అమ్మాయి.

“కాలొస్తుందటా?”

“చేసి చూస్తామన్నారు.”

“శనివారమే వచ్చుంటే?”

అది కిటికీ తెర సర్దుతున్నట్టు అటు తిరిగింది.

ఇంటికి ఫోను చేశాం. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. “నొప్పి ఉన్నట్టుండి ఎలా పోయిందని నేనడిగాను” అని మాత్రం అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది. క్లీనరు కూడా అక్కడే ఉన్నాడట. ఫోను తీసుకుని “అన్నా” అన్నాడు. “నువ్వు కొట్టి చూస్తూనే ఉన్నావురా, నేనే బండి ఆపలేదు” అన్నాను.

తరవాత అమ్మాయిని దగ్గరికి పిలిచి, ఆ మార్కుల కాగితాలు తీయమన్నాను. పోయిన బుధవారంనుంచి నేను వేసినవన్నీ కొట్టేయమన్నాను. తొమ్మిది కొట్టేయి. పదులన్నీ కొట్టేయి. ఎవరి అమ్మనూ, ఎవరి నాన్ననూ నా మాట నమ్మి ఆ మంచాల మీద పడుకోబెట్టకు.

“కొట్టేస్తే నీ పనికి దెబ్బే కదమ్మా?” అన్నాను.

“దెబ్బే” అంది. కొట్టేసింది. ఒక్కొక్కటీ స్కేలు పెట్టినట్టు తిన్నగా కొట్టేసింది. మొదటి ఆదివారం ఆరు, మొదటి సోమవారం నాలుగు మాత్రం ఉంచింది.

తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డారు. అమ్మాయి కాగితం మడవబోయి, ఆగి, కళ్ళు తుడుచుకుని అడిగింది.

“దీనికెంత నాన్నా? ఈ మంచానికి?”

ఊరికే, నన్ను నవ్వించడానికి అడిగింది. నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను. వెల్లకిలా చూశాను. కుడివైపు ఒత్తి చూశాను. ఎడమవైపు చాలాసేపు చూశాను.

“కుడివైపు ఐదు. ఎడమవైపు తెలియదమ్మా” అన్నాను.

అలాగే రాసుకుంది.